సంచీ మీద 95 రోజులని ఉంటే మా చేలో 106 ఎందుకు పట్టింది?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. పోయిన ఖరీఫ్‌లో గరువులో, అంటే మెట్ట చేలో, ఎకరం సోయాచిక్కుడు వేశాను, జేఎస్ 335 రకం. జూన్ 28న విత్తితే ఐదో రోజుకి మొలిచింది, 40వ రోజుకి పూసింది, 98వ రోజుకి కోశాను. ఆరు క్వింటాళ్లు వచ్చింది. ఆ ఊపులో వరి కోసిన పల్లంలో డిసెంబరు 10న మళ్లీ అదే కొట్లో, అదే రకం కొని వేశాను. మొలవడానికే ఎనిమిది రోజులు పట్టింది. 43వ రోజుకి పూసింది గాని మొక్క చూస్తే జానెడున్నర కూడా లేదు. కోతకి 106 రోజులు పట్టింది, మూడు క్వింటాళ్లు కూడా రాలేదు. సంచీ మీద 95 నుంచి 100 రోజులని రాసుంది. కొట్టువాడు కల్తీ విత్తనం అంటగట్టాడని మా నాన్న గొడవకి వెళ్తానంటున్నాడు. పక్క చేను మావయ్యేమో చలికి వేస్తే అంతేరా, ఈసారి ఫిబ్రవరి ఆఖర్లో బోరు కింద వెయ్యి, ఎండకి బాగా వస్తుంది అంటున్నాడు. ఏం చెయ్యమంటావు?

జవాబు: తమ్ముడూ, ముందు మీ నాన్నగారిని ఆ కొట్టుకి వెళ్లకుండా ఆపు. నువ్వు రాసిన తేదీలు చూస్తే విత్తనంలో తేడా ఏమీ కనబడటం లేదు. తేదీలు ఇంత శుభ్రంగా రాసి పంపావు కాబట్టే నేను ఇంత ధైర్యంగా చెప్పగలుగుతున్నాను, చాలామంది "పండగ ముందు వేశాం, వానలప్పుడు పూసింది" అని రాస్తారు, దాంతో ఏమీ తేల్చలేం.

సంచీ మీద రాసే 95 రోజులు ఖరీఫ్ సోయా పండే చోట, ఖరీఫ్ ఎండకి, వచ్చే లెక్క. మొక్కకి క్యాలెండర్ తెలీదు కదా. దానికి అందేది వేడి. రోజూ ఎంత వేడి ఒంటికి పట్టిందో అంత ముందుకి జరుగుతుంది, చలి రోజున కొంచెం జరుగుతుంది, వేడి రోజున ఎక్కువ జరుగుతుంది, ఇన్ని కలిసి ఇంత మొత్తం అయితే మొలక, ఇంత అయితే పూత, ఇంత అయితే కోత. ఇది కొత్త మాటేమీ కాదు, 1735లోనే ఫ్రాన్సులో రేమూర్ అనే ఆయన పంట పండటానికి ఎన్ని రోజులు పట్టిందన్నదాని కన్నా ఆ రోజుల్లో ఎంత వేడి పోగైందన్నది చూడాలని చెప్పాడు. ఇప్పుడు దాన్నే గ్రోయింగ్ డిగ్రీ డేస్, పొట్టిగా జీడీడీ అంటున్నారు. నేను వేడి లెక్క అంటాను.

లెక్క చాలా సులువు. ఆ రోజు గరిష్ఠ ఉష్ణోగ్రత, కనిష్ఠ ఉష్ణోగ్రత కలిపి రెండుతో భాగించు, అందులోంచి 10 తీసెయ్యి. మిగిలింది ఆ రోజు సోయా మొక్క ఖాతాలో పడిన వేడి. 10 ఎందుకంటే, దాదాపు ఆ డిగ్రీల కింద సోయా ఎదుగుదల ఆగిపోయినట్టే లెక్క. పైన కూడా ఒక హద్దుంది, 30. గరిష్ఠం 30 దాటితే ఎంత దాటినా 30 గానే వేసుకోవాలి, ఎందుకంటే ఆ పైన వేడి పెరిగినా మొక్క అంతకన్నా జోరుగా పెరగదు, మరీ పెరిగితే ఆకుల మీది రంధ్రాలు మూసుకుని తనను తాను కాపాడుకునే పనిలో పడుతుంది. ఈ పై హద్దు సంగతి గుర్తుపెట్టుకో, మీ మావయ్య సలహా దగ్గర మళ్లీ పనికొస్తుంది.

ఇప్పుడు నీ చేను సంగతే చూద్దాం. జూన్ ఆఖరు, జూలై మొదట్లో మన వైపు పగలు 33, రాత్రి 26 అనుకో. 33ని 30గా వేసుకుంటే, 30, 26 కలిపి 56, సగం 28, పది తీస్తే 18. ఐదు రోజులకి 90. అదే డిసెంబరు 10 తర్వాత పగలు 28, రాత్రి 16 అనుకో. సగటు 22, పది తీస్తే 12. ఎనిమిది రోజులకి 96. చూశావా? ఒకసారి ఐదు రోజులు, ఒకసారి ఎనిమిది రోజులు పట్టిన మొలక, వేడి లెక్కలో చూస్తే ఇంచుమించు ఒక్కటే. నేనేసుకున్న డిగ్రీలు నీ ఊరి అసలు అంకెలకి ఒకటి రెండు అటూ ఇటూ ఉండొచ్చు గాని కథ మారదు. విత్తనం పాడైపోయి ఉంటే ఆలస్యంగా మొలవడమే కాదు, సాళ్లలో ఖాళీలు పడేవి, మొలిచినవి కూడా ఒకటి పెద్దది ఒకటి చిన్నది అయ్యేవి. నువ్వు ఆ మాట రాయలేదు. అంటే మొలక సమంగానే వచ్చిందన్నమాట. ఇంతవరకూ మీ నాన్నగారికి నువ్వే చెప్పెయ్యొచ్చు.

అసలు చిక్కు పూత దగ్గరుంది. ఖరీఫ్‌లో 40 రోజులకి పూసింది, అంటే రోజుకి పదిహేడున్నర వేసుకున్నా 700 దాకా వేడి పోగైన తర్వాత. చలికాలంలో 43 రోజులకి పూసింది, రోజుకి 12 చొప్పున 516 మాత్రమే. వేడి ఒక్కటే పూతని నడిపేదైతే 700 నిండటానికి డిసెంబరు, జనవరి చలికి ఇంకో పదిహేను రోజులు పట్టాలి. ఎందుకు పట్టలేదు? ఎందుకంటే సోయా వేడితో పాటు రాత్రి పొడవు కూడా చూసుకుంటుంది.

దీని వెనక ఒక ముచ్చట ఉంది. అమెరికా వ్యవసాయ శాఖలో గార్నర్, అలార్డ్ అని ఇద్దరు పనిచేసేవారు. బిలాక్సీ అనే సోయా రకాన్ని కొన్ని రోజుల తేడాతో విడతలు విడతలుగా విత్తుకుంటూ పోయారు. ముందు వేసింది ముందు పూయాలి, వెనక వేసింది వెనక పూయాలి కదా, తీరా చూస్తే అన్నీ ఇంచుమించు ఒకేసారి సెప్టెంబరులో పూశాయి. ముందు వేసినవి నిలువెత్తు పెరిగి పూశాయి, వెనక వేసినవి పొట్టిగా ఉండగానే పూశాయి. మొక్క పగలు తగ్గి రాత్రి పెరగడాన్ని గమనించి పూస్తోందని వాళ్లు 1920లో ప్రకటించారు. నీ చేలో జరిగింది సరిగ్గా ఇదే. మనం సుమారు 18 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాం. జూన్ ఆఖర్లో ఇక్కడ పగలు 13 గంటలకి పైనే, డిసెంబరు ఆఖర్లో 11 గంటలు. జూన్‌లో మొలిచిన మొక్క పొద్దు ఇంకా బోలెడుంది, నెమ్మదిగా పెరుగుదాం అనుకుంటుంది. డిసెంబరులో మొలిచిన మొక్కకి పుట్టడమే పొడుగు రాత్రుల్లో పుట్టింది, ఇక కాలం లేదని కంగారుపడి ఉన్న నాలుగు కణుపుల మీదే పూసేస్తుంది.

ఇక్కడే దెబ్బ పడింది. చలి వల్ల రోజుకి 12 కన్నా ఎక్కువ పోగవక మొక్క కణుపులు మెల్లగా వేస్తోంది, అటు పొడుగు రాత్రులేమో తొందరగా పూయమంటున్నాయి. ఎదగడానికి వెనక్కి లాగేవాడు ఒకడు, పూయడానికి ముందుకి తోసేవాడు ఒకడు. సోయాలో ప్రతి కణుపూ ఒక కాయల గుత్తి కూర్చునే చోటు, కణుపులు తక్కువైతే ఎంత ఎరువు వేసినా కాయలకి చోటే ఉండదు.

మొత్తం కలిపితే ఇంకా బాగా కనబడుతుంది. ఖరీఫ్‌లో 98 రోజులకి రోజుకి పదిహేడున్నర చొప్పున 1700 దాటుతుంది. చలికాలం పంటకి డిసెంబరు 21 రోజులు, జనవరి 31 రోజులు 12 చొప్పున, ఫిబ్రవరి పద్నాలుగున్నర చొప్పున, మార్చి 26 వరకూ 16 చొప్పున వేసుకుంటే 1446. రోజులు ఎనిమిది ఎక్కువ పట్టినా వేడి దాదాపు 270 తక్కువ అందింది. ఆ 270లో ఎక్కువ భాగం పూతకి ముందు, అంటే కాండం, ఆకు, కణుపులు కట్టుకోవాల్సిన రోజుల్లోనే తగ్గింది. నువ్వు పోగొట్టుకున్న మూడు క్వింటాళ్లలో ఎక్కువ ఇక్కడే పోయింది తమ్ముడూ, కొట్టువాడి దగ్గర కాదు.

ఇంకోటి, రాత్రులు 15 డిగ్రీల దాకా దిగితే పూసిన పువ్వు కాయగా నిలవడం తగ్గుతుంది. అసలే సోయా పూసినవాటిలో సగానికి పైగా రాల్చేస్తుంది, అది దాని స్వభావం, చూసి భయపడక్కర్లేదు. కానీ నీ పూత సరిగ్గా జనవరి 22 ప్రాంతంలో, చలి ముదిరి ఉన్నప్పుడు పడింది.

ఇప్పుడు మీ మావయ్యగారి మాట. చలి వల్ల నష్టం వచ్చింది కాబట్టి ఎండలో వేస్తే లాభం వస్తుందనుకోవడం సహజమే, కానీ ఒద్దు. ఫిబ్రవరి ఆఖర్లో వేస్తే మొలక బాగుంటుంది, మొక్క కూడా ఏపుగా వస్తుంది, అక్కడిదాకా చూసి మీ మావయ్య మీసం మెలేస్తాడు. ఏప్రిల్‌లో పూత, ఏప్రిల్ ఆఖరు నుంచి మే దాకా గింజ నిండటం. ఆ రోజుల్లో పడమటి గాలి తిరిగిందంటే చీపురుపల్లి, గరివిడి వైపు ఎండ ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. 35 దాటాక పుప్పొడి సరిగ్గా పనిచెయ్యదు, పువ్వు నిలవదు. నిలిచిన కాయలో గింజ నిండాలంటే 23 నుంచి 26 డిగ్రీల మధ్య నెమ్మదైన వాతావరణం కావాలి, అంతకన్నా వేడైతే గింజ నిండే రోజులు తగ్గిపోతాయి. నిండకుండానే పండిపోతుందన్నమాట. చేతిలో పోసుకుంటే ముడతలు పడి, తేలిగ్గా, ఆవాలకి అన్నలా ఉంటాయి. పగలు 38, రాత్రి 27 ఉన్న రోజున హద్దు లేకుండా లెక్కేస్తే ఇరవై రెండున్నర వస్తుంది, మొక్క పరుగెడుతోందనిపిస్తుంది. 30 హద్దు పెడితే పద్దెనిమిదిన్నరే. మిగతా నాలుగూ మొక్కకి పనికిరాని వేడి, పనికిరాకపోగా కష్టపెట్టే వేడి. బోరు నీళ్లు వేరుకి అందుతాయి గాని మిట్టమధ్యాహ్నం పువ్వుకి తగిలే గాలిని చల్లబరచలేవు.

వేడి లెక్క ఎక్కువ ఉంటే దిగుబడి ఎక్కువని మాత్రం ఎప్పుడూ అనుకోకు. వేడి చెప్పేది ఎంత తొందరగా అన్నది మాత్రమే. ఎంత పండుతుందన్నది ఎండ వెలుతురు, నీరు, కణుపుల సంఖ్య, గింజ నిండటానికి దొరికిన రోజులు, ఇవన్నీ చెప్తాయి. ఆగస్టులో వారం రోజులు ముసురు పట్టిందనుకో, రాత్రులు వెచ్చగానే ఉంటాయి కాబట్టి వేడి లెక్క పెద్దగా తగ్గదు, మొక్క వయసు పెరుగుతూనే ఉంటుంది, కానీ వెలుతురు లేక ఆకు తిండి వండలేదు. అందుకే ముసురు పూత మీద పడిన ఏడాది కాయ తగ్గుతుంది.

నువ్వు చెయ్యాల్సింది ఏంటంటే, గరువులో ఖరీఫ్ సోయానే పట్టుకో, అది నీకు ఆరు క్వింటాళ్లు ఇచ్చింది. జూన్ ఆఖరు నుంచి జూలై సగం లోపల, 60-75 మిల్లీమీటర్ల వాన పడి నేల బాగా నానాకే విత్తు. తొలకరి చినుకు పడిందని తొందరపడితే పైన తడి, కింద కాలుతున్న మట్టి. జూన్ ఎండకి పైమట్టి ఎంత వేడెక్కుతుందో చెప్పుల్లేకుండా నడిచినవాడికి తెలుసు, ఆ వేడిలో విత్తనమూ చస్తుంది, నువ్వు విత్తనానికి పట్టించిన రైజోబియం, అంటే వేరు బుడిపెల్లో ఉండి గాలిలో నత్రజనిని పట్టే బ్యాక్టీరియా, కూడా చస్తుంది. ఆ రైజోబియం కల్చర్ ప్యాకెట్‌ని బండి డిక్కీలో ఎండకి వదిలెయ్యకు, బెల్లం నీళ్లతో పట్టించాక నీడలోనే ఆరబెట్టు. నెల దాటాక ఒక మొక్కని మట్టితో పాటు పెకిలించి వేరు మీది బుడిపెని గోటితో చీల్చి చూడు. లోపల గులాబీ రంగు ఉంటే అది గాలిలో నత్రజనిని పట్టుకుంటున్నట్టు, తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే పని చెయ్యనట్టు.

కోత తేదీ కూడా వేడి లెక్కలోనే చూసుకో, ఇది మన జిల్లాల్లో మరీ ముఖ్యం. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12న వచ్చింది, తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11న వచ్చింది. రెండూ మనల్ని ఎలా తన్నాయో తెలుసు కదా. జూన్ 28న వేసినది అక్టోబరు 4కి తేలింది, వారం ఆలస్యమైతే ఆ తేదీల మీదే పడేది. కాండం మీద ఒక్క కాయైనా గోధుమ రంగు తిరిగిందంటే గింజలో ఇక నిండాల్సింది పెద్దగా లేదు, ఆ తర్వాతదంతా ఎండటమే. అక్కణ్ణుంచి రోజూ వాతావరణం చూసుకుని టార్పాలిన్లు, కూలీలు సిద్ధం చేసుకో.

వరి తర్వాత పల్లంలో మన వైపు వాళ్లు మినుము, పెసర వేసుకుంటూ వస్తున్నారంటే ఊరికే కాదు, తక్కువ రోజుల్లో, మిగిలిన తడి మీదే తేలిపోతాయి. నేనైతే అక్కడ వాటినే వెయ్యమంటాను. అయినా నీకు సోయా మీద మనసు ఉంటే, వచ్చే ఖరీఫ్‌కి కొత్త విత్తనం చేసుకోవడానికి పది సెంట్లలో వేసి చూడు. డిసెంబరు ఆఖర్లో వేస్తే పూత ఫిబ్రవరికి జరుగుతుంది, చలి కాస్త విరిగి ఉంటుంది, గింజ మార్చిలో, వడగాడ్పులు మొదలవకముందే నిండుతుంది. మొక్క ఎలాగూ పొట్టిదే అవుతుంది కాబట్టి 45 సెంటీమీటర్ల సాళ్లు కాకుండా 30కి దగ్గర చెయ్యి, విత్తనం పావు వంతు ఎక్కువ వెయ్యి. ఒక్కో మొక్క మీద తగ్గిన కణుపుల్ని మొక్కల సంఖ్యతో కొంత పూడ్చుకోవడం అన్నమాట. ఇంకో మాట, మన చుట్టుపక్కల సోయా కొనేవాళ్లు ఎక్కువ లేరు, ఎకరాలు పెంచేముందు కొనేవాడెవరో తేల్చుకో.

ఆ విత్తనం ఎక్కడ దాచాలో కూడా చెప్తాను, ఇది నా చేతులు కాలిన సంగతి. ఒక ఏడాది మార్చిలో కోసిన సోయా విత్తనాన్ని రెండు సంచులు మా రేకుల షెడ్డులో అటక మీద పెట్టాను. జూన్‌లో తీసి చూస్తే పైకి బంగారంలా మెరుస్తున్నాయి. వంద గింజలు లెక్కపెట్టి తడి గోనెసంచిలో వరసగా పేర్చి చుట్టి, రోజూ నీళ్లు చిలకరించి, ఐదో రోజు విప్పాను. మొలిచినవి 41. మిగతావి ఉబ్బి, వేలితో నొక్కితే జారిపోతున్నాయి, ఒక మాదిరి పుల్లటి వాసన. విత్తనానికి కనీసం 70 మొలవాలి. రేకుల కింద రెండు నెలల ఎండ గింజలోని ప్రాణాన్ని తినేసింది. సోయా గింజకి తొక్క పల్చన, నూనె ఎక్కువ, వేడికీ తేమకీ మిగతా పప్పుల కన్నా తొందరగా లొంగిపోతుంది. నిల్వ ఉంచే చోటు ఐదు డిగ్రీలు చల్లగా ఉంటే విత్తనం ఆయుష్షు రెట్టింపవుతుందని విత్తన శాస్త్రంలో ఒక మోటు లెక్కుంది. పెంకుటిల్లో, మట్టి గోడల గదో ఉంటే అక్కడ చెక్క పలక మీద పెట్టు, సంచుల్ని ఎత్తి పడెయ్యొద్దు, ఒకదాని మీద ఒకటి ఎక్కువ పేర్చొద్దు.

ఇక రోజూ చెయ్యాల్సిన చిన్న పని. గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు రెండూ చూపించే థర్మామీటర్ ఒకటి కొని నీడలో, నేల నుంచి నాలుగైదడుగుల ఎత్తున, గోడకి ఆనకుండా గాలి ఆడే చోట కట్టు. కొనలేకపోతే ఫోన్లో వాతావరణ శాఖవాళ్ల మేఘదూత్ యాప్ పెట్టుకో, జిల్లా ఉష్ణోగ్రతలు అందులో వస్తాయి, మంగళవారం, శుక్రవారం రైతుకి సలహాలు కూడా ఇస్తారు. విత్తిన మర్నాటి నుంచి నోటు పుస్తకంలో తేదీ, గరిష్ఠం, కనిష్ఠం, ఆ రోజు వేడి, ఇప్పటిదాకా మొత్తం అని ఐదు గడులు గీసుకో. మొలిచిన రోజు, మొదటి పువ్వు చూసిన రోజు, మొదటి కాయ కనబడిన రోజు, ఆకు పసుపు తిరిగిన రోజు, కోత రోజు పక్కన చుక్క పెట్టు. ఎక్కడో అమెరికాలో వేరే రకాలకి కట్టిన పట్టికలు నెట్‌లో దొరుకుతాయి, వాటిని తెచ్చి ఇక్కడ పెట్టకు, రకం మారితే, పగటి పొడవు మారితే అంకెలు మారిపోతాయి. రెండు ఖరీఫ్‌లు రాస్తే జేఎస్ 335కి మీ గరువులో పూతకి ఎంత, కోతకి ఎంత అన్నది నీ దగ్గరే ఉంటుంది.

ఈ ఖరీఫ్‌లో వేశాక మొదటి పువ్వు వచ్చేదాకా రాసిన లెక్క నాకు పంపు, 700కి దగ్గరగా వచ్చిందో లేదో ఇద్దరం కలిసి చూద్దాం. మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు.